సి డ్రైవ్‌లో కోటిలింగం

హైమావతి కొత్త కంప్యూటర్లో డిస్కును రెండుగా విడగొట్టగానే వాళ్ళ ఫోటో స్టూడియో మధ్యలో గోడ లేస్తుంది. సున్నం కూడా ఎప్పుడో ఆరిపోయిన పాత గోడ. ఇవతల ఆమె, కంప్యూటరు. అవతల ఆమె మొగుడు కోటిలింగం.

"ఏమే హైమా, ఇది నీ పనేనా?" అంటాడు అవతల్నించి.

"నా పనే. సిస్టమ్ ఎక్కించే ముందు భాగాలు చేస్తున్నా."

"చేస్తే చేశావుగానీ, నాకింత ఇరుకు గది ఇచ్చావేందే? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నయ్."

ఇరుకే మరి. చిలకలూరిపేటలో కంప్యూటరున్న ప్రతి కొట్లోనూ ఇదే అలవాటు. సిస్టమ్ ఉండే సి డ్రైవ్ ఎప్పటికైనా పోయేదే కాబట్టి దానికి కాస్త విదిల్చి, మిగతా చోటంతా డి కి ఇస్తారు. సిస్టమ్ కుప్పకూలినా డి లో దాచిన పెళ్ళి ఫోటోలు చెక్కుచెదరవని వాళ్ళ ధీమా. హైమావతికి ఇది నేర్పిందీ కోటిలింగమే. సి అంటే సత్రం, డి అంటే సొంతిల్లు అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పే మనిషి. ఇప్పుడు సత్రంలో ఆయనే ఉన్నాడు.

ఆమె గోడను జరపాలని చూస్తుంది. పక్కనున్న డి ని చెరిపేస్తే తప్ప సి పెరగదని తెర మీద పడుతుంది.

డి అంటే ఆమె కూర్చున్న గదే. అది అప్పటికే నిండిపోతోంది. ఈ స్టూడియోలో ఫోటోలు దాచుకున్న పెళ్ళివాళ్ళు తలల మీద తలంబ్రాలతో వీధిలోంచి వస్తున్నారు, ఫోటోలో ఎలా ఉన్నారో అలాగే, ముఖం పక్కకి తిప్పకుండా. ఏ జంటకా జంట చాపల మీద సర్దుకుంటోంది.

"కాసేపు బయట నిలబడతారా అమ్మా? మా ఆయనకి గాలాడటం లేదు," అని బతిమాలుతుంది హైమావతి.

"బయట నిలబడితే మా పిల్ల పెళ్ళి ఎక్కడుంటదమ్మా?" అంటుంది గులాబీ రంగు పట్టుచీర కట్టుకున్న ఒక తల్లి. "ఎప్పటికీ పోని చోటని మీరే గదా మమ్మల్ని ఇక్కడ పెట్టింది."

మాట న్యాయంగానే ఉంది. హైమావతికి మొదటిసారి భయం వేస్తుంది.

తెర మీద, ఎవరూ అడక్కుండానే, ఒక నీలిగీత పాకడం మొదలుపెడుతుంది. సి లో ఉన్నదంతా తుడుస్తున్నామని దాని కింద రాసి ఉంది. ఆపమని ఎంత నొక్కినా ఆ గీత వినిపించుకోదు.

"హైమా, ఎవరో గోడలకి తడిగుడ్డ పెడుతున్నారే," అంటాడు కోటిలింగం. "చల్లగానే ఉందిలే."

"ఏమండీ, మాట్లాడుతూ ఉండండి. మన పెళ్ళిలో వాన పడిందిగా, ఆ సంగతి చెప్పండి."

"పడకేం. షామియానా కారితే మీ నాన్న నా నెత్తిన గంగాళం మూత పట్టుకున్నాడు. నువ్వేమో నవ్వుతా..." అని ఆగుతాడు. "ఎవరి పెళ్ళమ్మా?"

కాపురానికొచ్చిన దగ్గర్నుంచి కోటిలింగం ఆమెని ఏమే అనడమే గానీ అమ్మా అన్న పాపాన పోలేదు.

చాపల మీదివాళ్ళ వంక చూస్తుంది. ఈ పెళ్ళిళ్ళు ఇంకెక్కడా దాచి లేవు. డి ని చెరిపేస్తే ఊళ్ళో ఎందరు ఒకరికొకరు ఏమీ కాకుండా పోతారో! వేలు మౌస్ మీద ఉంటుంది గానీ నొక్కదు. ఆ తటపటాయింపులో గీత సగం దాటిపోతుంది.

"మీరెవరో గానీ చాలాసేపట్నించి నిలబడ్డట్టున్నారు," అంటుంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. "కూర్చోండి."

ఆ మర్యాద తట్టుకోలేక ఆమె మౌస్ నొక్కేస్తుంది. డి పోతుంది. ఎవరూ కేకలు పెట్టరు. ఒక్కో జంటా కొంగుముడి విప్పుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళలా చెరోవైపు వీధిలోకి నడిచిపోతుంది. గోడ నేలలోకి దిగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, గీత అప్పటికే చివరికంటా పాకేసింది.

విశాలమైన హాలు మధ్యలో కోటిలింగం నిలబడి ఉన్నాడు. చొక్కాకి ఒక్క ముడత లేదు, ముఖానికి కూడా లేదు. కొత్తగా ఎక్కించిన సిస్టమ్ మొదటిసారి పలకరించినట్టు రెండు చేతులూ జోడిస్తాడు.

"నమస్కారం. మీకు ఏ భాష కావాలండీ?"

"ఏమండీ, నేను హైమని!"

"ఆ పేరుతో ఇక్కడ ఇంతవరకూ ఎవరూ లేరండీ. కావాలంటే మీరు పెట్టుకోవచ్చు. లోపల బోలెడు చోటుంది, వచ్చి చూసుకోండి."

అని నోరు తెరుస్తాడు. నాలుక ఉండాల్సిన చోట తెల్లటి గది, గదిలో పీట, పీట ముందు విస్తట్లో వడ్డించిన అన్నం. దాని ఆవిరి ఆయన పళ్ళ మధ్య నుంచి బయటికి వస్తోంది.

"చల్లారిపోతుంది, రండి," అంటాడు, నోరు మూయకుండానే.

హైమావతికి ఏడుపొస్తుంది. ఆయన్ని అలా ఒంటరిగా వదిలి ఎక్కడికి పోతుంది? చెప్పులు విడుస్తుంది, తల వంచుతుంది, కుడికాలు ఎత్తి ఆయన కింది పెదవి మీద పెడుతుంది.