నువ్వులనూనె త్రాగిన జీపు

శరత్తు సగము గడచి చలి తొంగిచూచుచున్న యొకానొక ప్రభాతసమయమునఁ బాడేరు కనుమనంతయు దట్టమగు మంచు గప్పి లోయ యెచ్చటనో మార్గమెచ్చటనో తెలియకుండఁ జేసెను. అట్టి మంచునడుమ నలువదేండ్ల వయసు మీఱి మూఁడుమాఱులు రంగు మార్చుకొన్న జీపొకటి సంతకుఁ బోవు స్త్రీలను వారిలో నొకతె చంకనున్న చంటిబిడ్డను ముందు గూర్చున్న గవరయ్య మేస్త్రియను ముసలి మరమ్మతుకారుని మోసికొని యఱచుచు మూల్గుచు దిగుచుండెను. దానిని నడపువాఁడు పోలినాయుఁడు. నాలుగునాళ్లక్రిందట నాయుధపూజనాఁడు బ్రేకుసీసాలోని ద్రవము తఱిగియుండుటఁ గని, అంగళ్లు మూసియుండుటచే, నూనె యేదైన నూనెయే కదా యని దీపారాధనకుఁ దెచ్చిన నువ్వులనూనెను భక్తితో నందుఁ బోసి చెంపలు వాయించుకొని మ్రొక్కిన మహానుభావుఁ డాతఁడే.

మూఁడవ మలుపునఁ గమరువాసన గుప్పుమనెను.

“ఏటి బావూ, ఏదో మాడినట్టు కంపొస్తంది?” అని బిడ్డతల్లి చిలకమ్మ యడిగెను.

ఆ వాసన చక్రములదని పోలినాయుఁ డెఱుంగును. కాని బండి నిలిపెనా వీరందఱు వేఱొకని జీపెక్కుదురు.

“ఎవులో సలిమంటేసుకున్నార్లేయమ్మా,” అని బొంకెను.

ఐదవ మలుపునఁ బోలినాయుఁడు బ్రేకుపెడలు నొక్కఁగా నది బురదలోఁ గాలు దిగినట్లు మెత్తగా నేల నంటెను. అయ్యో, ఏమి చెప్పుదుము! మరల నొక్కెను, మరలమరల నొక్కెను, చేతిబ్రేకును రెండుచేతుల లాగెను. బండి లొంగదయ్యె. లోయ యెదురుగా వచ్చుచుండెను. స్త్రీలు గొల్లుమనిరి.

“గేరు దించరా! కొండేపు కొయ్యి!” అని మేస్త్రి యఱచెను.

మొదటి గేరుదాఁక దించి కన్నులు సగము మూసికొని పోలినాయుఁడు బండిని కొండ కొరయించెను. మట్టిగట్టును బారెడు దూరము దున్నుకొనిపోయి జీపు నిలిచెను.

ఎవ్వరికిని గాయము లేదు. స్త్రీలు దిగి పోలినాయునికిఁ జేతులెత్తి మ్రొక్కిరి. చిలకమ్మ వెక్కివెక్కి యేడ్చుచు “మా పాలిట దేవుడివి బావూ!” అని బిడ్డను దెచ్చి యాతని చేతులలో నుంచెను.

ఇంతలో మేస్త్రి చక్రముపై నీళ్లు చల్లఁగాఁ జుఱ్ఱుమనెను. బానెట్టెత్తి సీసాలో వ్రేలు ముంచి వాసన చూచి పోలినాయునికి మాత్రమే వినఁబడునట్లు పలికెను: “ఈ నూనికి రబ్బరు వాసర్లు ఉబ్బిపోనాయి. బ్రేకు ఒగ్గకుండా పట్టేసి కాగిపోనాది, ఆ ఏడికి పట్టు తప్పిపోనాది. ఎవుడు పోసినాడ్రా?”

లోయను జూచినప్పటికంటె నిప్పుడే పోలినాయునికి భయము హెచ్చెను. ఎవఁడో పోసినాఁడన్నచో సరిపోవును. బిడ్డ యాతని చొక్కా పట్టుకొని కేరింతలు గొట్టుచుండెను.

“నానే పోసినాను,” అని యాతఁ డందఱు వినునట్లనెను. “అది సలిమంట కాదమ్మా. బేరం పోద్దని అబద్దవాడినాను.”

చిలకమ్మ దగ్గఱకు వచ్చి యాతని మొగమైనఁ జూడక బిడ్డను దీసికొని దిగుడుదారిని నడవసాగెను. తక్కినవారును మూటలెత్తుకొని యామె వెంటఁ బోయిరి. వారి మాటలు మంచులో వినరానంత దూరమైనను పోలినాయుఁడు బిడ్డ నెత్తుకొన్నట్లే చేతులు చాఁచి నిలుచుండెను.