ఒకే వారంలో మూడు డబ్బాలు

బస్సు డిపోలో అన్నయ్యను అందరూ 'రెండోసారి మాస్టారు' అనేవారు. ఏ బండినైనా రెండోసారి చూస్తే గాని రోడ్డు మీదికి పంపడు. ముప్పై ఏళ్లుగా అదే ఉద్యోగం. వదిన పోయాక చెల్లెలి ఇంటికే వచ్చి ఉంటున్నాడు. చెల్లెలు బడిలో లెక్కల టీచరు. ఆమె కారు బాగోగులన్నీ ఆయనవే; ఆమె ఏనాడూ బానెట్ ఎత్తిన పాపాన పోలేదు.

ఆ శనివారం ఉదయం ఆమె కారు గేటు దాటించిందో లేదో, వెనకనుంచి నీలంగా పొగ కమ్ముకుంది. ఇంజన్ ఆపి, చల్లారేదాకా ఆగి, అన్నయ్య చేస్తుండగా చూసిన గుర్తుతో ఆయిల్ కొలిచే కడ్డీ లాగింది. గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీసింది. కడ్డీ మీది రెండు గీతల మధ్య ఉండాల్సిన ఆయిల్, పై గీత దాటి రెండు వేళ్లు ఎక్కి ఉంది.

"అన్నయ్యా, ఆయిల్ ఎప్పుడు పోశావు?"

ఆయన వరండాలోంచి అరలీటరు డబ్బా పట్టుకునే వచ్చాడు. "ఎక్కడ పోశాను? ఇవాళ పోసేద్దామనే తెచ్చా."

ఆమె కడ్డీ అందించింది. చూడగానే ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ఎవడే ఇంత పోసింది? తలకాయ ఉన్నవాడు చేసే పనేనా? లోపల నురగ కట్టి ఇంజన్ కొంప మునుగుతుంది! నా డిపోలో అయితే ఆ వెధవని గేటు బయటికి గెంటేవాణ్ణి."

ఆ బానెట్ ఎత్తేది ఆయనొక్కడే. పొయ్యి మీద పాలు మర్చిపోవడం, ఒకే కబురు పూటలో రెండుసార్లు చెప్పడం, వయసు కదా అని కొట్టిపారేసినవన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి.

"నేనే పోశాను అన్నయ్యా, తెలియక," అంది.

"నీకు బానెట్ ఎత్తడం కూడా వచ్చా?" అని గొణుగుతూ ఆయన పళ్లెం, స్పానరు తెచ్చుకుని కారు కిందికి దూరాడు. చేతులు మాత్రం ఏమీ మర్చిపోలేదు. అడుగు బోల్టు వదులు చేసి, ఆమె కడ్డీ తీసి చూపిస్తుంటే, ఎక్కువైన ఆయిల్‌ను కొంచెం కొంచెంగా దించి బిగించేశాడు.

దించిన ఆయిల్ పోయడానికి ఖాళీ డబ్బా కోసం షెడ్డులోకి వెళ్లాడు. మూలన మూడున్నాయి. డబ్బా మూత తీసిన రోజే దాని మీద తేదీ వేయడం ఆయన అలవాటు. సోమవారం తేదీ ఒకదాని మీద, బుధవారానిది ఒకదాని మీద, నిన్నటిది మరోదాని మీద. అన్నీ ఆయన చేతిరాతే.

ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

"నువ్వు పొయ్యలేదు కదూ."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు ఒక్కటీ గుర్తు లేదే, చెల్లీ." డబ్బా మీది తేదీని వేలితో తడిమాడు. "ఇదంటే కారు. నిన్న పదకొండు బస్సులకి బ్రేకులు చూసి సంతకం పెట్టాను. నిజంగా చూశానా? చూశాననుకుని పెట్టానా?"

"ముందు డాక్టరుకి చూపిద్దాం. తర్వాత..."

"తర్వాత కాదు. ఆ బస్సులు ఇప్పుడు జనంతో తిరుగుతున్నాయి. పద, నువ్వే నడుపు."

మేనేజరు గదిలోకి ఆయన ఒక్కడే వెళ్లాడు. "మీరేంటి మాస్టారూ, మీరు మర్చిపోవడమేంటి!" అన్న గొంతు బయట బెంచీ మీద కూర్చున్న ఆమెకు వినిపించింది. సోమవారం ఆస్పత్రికి వెళ్లేట్టు తేల్చుకుని ఆయన బయటికి వచ్చాడు. పదకొండు బస్సులనూ వెనక్కి పిలిపించారు. వేరే మెకానిక్కులు సాయంత్రం దాకా వాటి కిందే ఉన్నారు. పదింటికి ఏ లోపమూ లేదు. పదకొండోదాని వెనక చక్రం బ్రేకు పూర్తిగా అరిగిపోయి ఉంది. ఆ కాగితం మీద కూడా ఆయన సంతకముంది.

"ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నయ్యా," అంది చెల్లెలు.

"నేను చెప్పకపోతే?" అన్నాడాయన, నేల చూస్తూ.

ఆ పదకొండో బస్సు డ్రైవరు వచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"సోమవారం ఆస్పత్రికి నేనూ వస్తా మాస్టారూ. సెలవు చెప్పేశా," అన్నాడు డ్రైవరు.

ఆయన వద్దనలేదు.