పక్క అరలో ఎలుకలు

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ ఎలుకలక్క అనేవారు. ఎన్నో ఏళ్లుగా ఎలుకల గది ఆమెదే. మేత వెయ్యడం, పొట్టు మార్చడం, ప్రయోగాలు చెయ్యడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. ఛీ, ఎలుకలేమిటి అని ముక్కు మూసుకున్నవాళ్లకు ఆమె ఒకటే జవాబు చెప్పేది: ఇవి మనకు క్లాసు పీకవు కదా, అదే పదివేలు.

ఆ మాటకు నవ్వే వాళ్లకు దాని లోతు తెలియదు. ఆమె భర్త కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పగలంతా చెప్పింది చాలదన్నట్టు ఇంటికొచ్చాక కూడా చెప్పేవాడు. పప్పులో ఉప్పు తగ్గినా, ఆమె ఫోనులో ఎవరితోనో నవ్వినా, ముందు వీధి తలుపుకు తాళం పడేది. తాళంచెవి జేబులో వేసుకుని, తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "మాట్లాడుకోవాలి, కూర్చో" అనేవాడు. మాట్లాడుకోవడమంటే ఆయన మాట్లాడటం, ఆమె వినడం. పుట్టింటివాళ్ల తెలివి దగ్గర మొదలై ఆమె నడక, నవ్వు, చదువు అన్నీ తిరిగి, ఆయనకు నిద్ర వచ్చినప్పుడు అయ్యేది. ఏనాడూ చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెద్దగా పెంచేవాడు కాదు. ఎవరికైనా చెప్పుకుందామంటే చూపించడానికి ఒంటిమీద ఒక్క గీత లేదు. ఒకసారి తల్లికి చెబితే, తిట్టాడా కొట్టాడా, మాట్లాడితే ఏం పోయిందే అని ఆవిడ తేల్చేసింది.

ఎలుకలక్క అదంతా దిగమింగుకోవడానికి ఒక్కటే కారణం, కూతురు. దాన్ని ఆయన పల్లెత్తు మాట అనడు. ఆయన కుర్చీ వెయ్యగానే అది రంగుపెన్సిళ్లు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటుంది, ఎంతసేపైనా చప్పుడు చెయ్యదు. నోట్లో నాలుక లేని పిల్ల, బంగారం అని వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారు. నన్నేమన్నా ఫర్వాలేదు, దాని జోలికి రావడం లేదు కదా అని తల్లి తనకు తాను సర్దిచెప్పుకునేది. ఆ ఒక్క మాట మీదే ఆమె సంసారం నిలబడి ఉంది.

ఆ యేడు పరిశోధనశాల పెద్ద, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. మూత్రపిండం నెత్తిన చిన్న టోపీలా అడ్రినల్ గ్రంథి ఉంటుంది. ప్రాణి బెదిరితే మెదడు నుంచి రక్తంలో దానికి కబురు వస్తుంది. కబురు అందగానే ఆ గ్రంథి కణాల్లో అంతవరకూ మందకొడిగా ఉన్న కొన్ని జన్యువులు చురుకెత్తి, ఆపత్కాలపు హార్మోన్ తయారీకి కావలసిన ఆదేశాల నకళ్లు తీస్తాయి. హార్మోన్ తగినంత ఊరాక అదే మెదడుకు చేరి, ఇక చాలు అని కబురు ఆపిస్తుంది. మరి భయం రోజూ వస్తే? చాలు అనే మాట మెదడు వింటుందా? మేడమ్ తేల్చాలనుకున్నది అదే.

అందుకని రోజూ సగం ఎలుకలను ఒక్కొక్కటిగా గాలి రంధ్రాలున్న ఇరుకు గొట్టంలో అరగంట కదలకుండా ఉంచాలి. మిగతా సగాన్ని ముట్టుకోకూడదు. గొట్టం ఎలుకలలో ఎంత మార్పు వచ్చిందో ముట్టుకోని వాటితో పోలిస్తేనే తెలుస్తుంది. ఆ ముట్టుకోని వాటిని అవతలి గదిలో పెట్టాలని నియమం. కానీ అవతలి గదికి పోవాలంటే గతుకుల వరండాలో బండి మీద తొయ్యాలి. పాపం, ఆ కుదుపుకే అవి హడలి చస్తాయి కదా అని జాలిపడి, ఎలుకలక్క వాటి బోనులను అదే గదిలో పక్క అరలోనే ఉంచింది. గొట్టంలోవి గీకుతూ ఉంటే పక్క అరలోవి పొట్టులో ముడుచుకుని చక్కగా పడుకునేవి. ఎంత బుద్ధిమంతులో అని ఆమె మురిసిపోయేది కూడా.

ప్రయోగం ముగిసి, గ్రంథులు తీసి, నకళ్లు లెక్కగట్టే యంత్రంలో పెట్టారు. తెర మీద రెండు గుంపుల గీతలూ దాదాపు ఒకే ఎత్తున లేచాయి. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. తరువాత ఎలుకలక్కను పిలిచి, ముట్టుకోనివి ఎక్కడ పెట్టావని అడిగింది. ఎలుకలక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"వాటిని ఎవరూ వేలితో కూడా తాకలేదు మేడమ్. హాయిగా పడుకునే ఉండేవి."

"తాకక్కర్లేదమ్మా. బెదిరినదాని వాసన తగిలితే చాలు. అవి పడుకోలేదు, బిగుసుకుపోయాయి. గొట్టంలో దానికైనా అరగంటకు మనం మూత తీస్తాం. వీటికి ఎప్పుడు మొదలవుతుందో తెలీదు, ఎప్పుడు అయిపోతుందో తెలీదు."

అంత చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైనా మేడమ్ కోప్పడలేదు. ఈసారి వేరే గదిలో పెట్టు అని మాత్రం చెప్పింది. ఎలుకలక్క తలూపింది గానీ, తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆమె చూస్తున్నది ఎలుకల గీతను కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో తాళం పడింది. ఎందుకు ఆలస్యమైందన్నది ఆనాటి పాఠం. ఆమె ఎప్పటిలాగే కూర్చుంది, కానీ మొదటిసారిగా ఆయన వైపు కాకుండా కూతురి వైపు చూసింది. పిల్ల తల వంచుకుని రంగు వేస్తోంది. చూడగా చూడగా తెలిసింది, పెన్సిలు కాగితానికి ఆనడమే లేదు. బల్ల కింద పిల్ల కాళ్లకు బూట్లున్నాయి. లేసులు ముడి వేసి ఉన్నాయి.

ఎలుకలక్క లేచింది.

"తాళంచెవి ఇవ్వండి."

ఆయన నవ్వాడు. ఎక్కడికి పోతావు, పోవడానికి నీకెవరున్నారు అని అడిగాడు. అదీ పాత పాఠమే.

"నా సంగతి తరువాత. దీన్ని వేరే గదిలో పెట్టాలి."

"లోపలి గదిలోకి పొమ్మను. నేను దాన్నేమన్నా అన్నానా?"

"అనలేదు. ఇవ్వండి."

ఆయన కదల్లేదు. కూర్చోమని ఆమె ఒంట్లో ప్రతి నరమూ చెప్పింది. అయినా ఫోను తీసి అన్నకు చేసి, ఆయనకు వినబడేలా చెప్పింది: "అన్నయ్యా, మమ్మల్ని ఇంట్లో పెట్టి తాళం వేశారు. నలుగురిని తీసుకుని వచ్చి తీయించు." నలుగురు అన్న మాటకు ఆయన మొహం మాడిపోయింది. పరువు ఆయనకు ప్రాణం కన్నా ఎక్కువ. తాళంచెవి నేల మీద పడేసి, పోతే మళ్లీ రావద్దన్నాడు. ఆమె వంగి తీసుకుంది.

తలుపు తీసి వీధి మలుపు దాకా ఇద్దరూ గబగబా నడిచారు. పిల్ల కుంటుతోందని అక్కడ గమనించింది. దీపం కింద కూర్చోబెట్టి బూటు విప్పితే వేళ్లు ముడుచుకుని ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అవి ఈ యేడు కొన్న బూట్లు కావు. కొత్తవి ఆయన కుర్చీ వేసుకునే తలుపు దగ్గర ఉంటాయి, తీసుకోవడం కుదరదు. ఇవి నిరుటివి. వీటిని ఎప్పటినుంచి బల్ల కింద దాచావని తల్లి అడిగింది.

"సరిపోయేటప్పటి నుంచీ," అంది పిల్ల. "నువ్వు లేస్తావేమోనని రోజూ వేసుకునేదాన్నమ్మా."