చివరి ఆడమనిషి కూచునేదాకా

"కప్పులన్నీ ఒకే రకంవి తియ్యి సువర్ణా. కిందటిసారి ఆఫీసర్లకి పిడి విరిగిన కప్పు వెళ్ళింది," అన్నాడు దేవరాజు అద్దం ముందు టై ముడి సర్దుకుంటూ.

ఏలూరు ఎండకి టై కట్టుకునే మనిషిని చూస్తే సువర్ణకి నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆ పిడి విరిగిన కప్పు తనది. ఆ రోజు మనుషులెక్కువై కప్పులు తక్కువైతే, తన కప్పు ముందుగదిలోకి పంపించి తను గ్లాసులో అడుగున మిగిలింది తాగింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. విరిగిన పిడి మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తుంది.

ఇవాళ వచ్చేది ఫ్రాన్సు ఆవిడ. అక్కడేదో కొండప్రాంతమట. కుర్రకారంతా పట్నాలకి వెళ్ళిపోయి, బడి మూతపడి, రొట్టెల కొట్టు మూతపడి, చివరికి పోస్టాఫీసు కూడా ఎత్తేస్తామంటే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒకచోట కూచుని, మా ప్రాంతానికి ఏం కావాలో మేమే చెబుతామని సంఘం కట్టుకున్నారట. ఇప్పుడు రొట్టెల బండి ఊరూరా తిరుగుతోంది. బడి తలుపులు మళ్ళీ తెరిచారు. కొల్లేటి లంకలో ఆడవాళ్ళు కూడా అలాగే కూడుకున్నారని విని చూడ్డానికొస్తున్నారు. చూసి ఊరుకోరు. ఇక్కడ జనాన్ని కూడగట్టిన మనిషిని ఒకర్ని తమ ఊళ్ళకి పిలిపించుకుని, ఎలా చేశారో అక్కడివాళ్ళకి చెప్పించుకుంటారు.

జనాన్ని కూడగట్టిన మనిషి అన్న మాట వినగానే దేవరాజు పాస్‌పోర్టుకి అప్లై చేసేశాడు. కాలేజీలో లెక్చరరు, గ్రామాభివృద్ధి సొసైటీకి సెక్రటరీ. ఇంకెవరుంటారు?

కిందటేడు కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, గట్లతోపాటు చెరువుల మీద కూలి చేసుకునే ఆడవాళ్ళ కూడు కూడా కొట్టుకుపోయింది. చర్చివాళ్ళ బట్టలు పంచడానికి వెళ్ళిన సువర్ణ అక్కడే ఆగిపోయింది. చుట్టూ కనుచూపుమేర నీళ్ళే, తాగడానికి బిందెడు లేవు. ఆ బిందె దగ్గర మొదలైంది అంతా. వారం వారం బస్సెక్కి, పడవెక్కి, బడి వరండాలో చాపేసుకుని కూచోవడం. మంచినీళ్ళ పడవ తెప్పించుకున్నారు. ఎండుచేపలు మధ్య మనిషికి పోయకుండా తామే ఏలూరు బజారుకి తెచ్చి అమ్ముకోవడం మొదలెట్టారు. సాయంత్రానికి సువర్ణ ఇంటికొచ్చేసరికి అత్తగారు దానమ్మగారు గుమ్మంలోనే ఉండేవారు. "నీచు కంపు కొడుతున్నావమ్మా. స్నానం చేసి అప్పుడు పొయ్యి దగ్గరికెళ్ళు." ఆదివారం కొరమీను పులుసు మారడిగి వేయించుకునే మనిషే ఆవిడ. కంపు చేపది కాదు, బయట తిరిగొచ్చిన కోడలిది.

లంకలో ఏం జరిగిందో రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పేది సువర్ణ. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు అలిగారు, అలిగినవాళ్ళని ఎలా లాక్కొచ్చారు. పప్పు దగ్గర అవి ఆవిడ కబుర్లు. మజ్జిగ దగ్గరికొచ్చేసరికి ఆయన ఆలోచనలు. మర్నాడు ఫోనులో ఎవరితోనో "నేను అక్కడ వాళ్ళతో కూచున్నప్పుడు..." అంటుంటే గిన్నెలు తోముతున్న సువర్ణ చెయ్యి ఆగిపోయేది. ఈయన ఎప్పుడు కూచున్నాడు? ఫోటోకి వచ్చాడు, నిలబడ్డాడు, వెళ్ళాడు. మొదట్లో అమాయకంగా మర్చిపోయాడనుకుంది. తర్వాత తెలిసింది, ఈ మరుపు ఎప్పుడూ ఒకవైపే వాలుతుందని. నెలజీతం అడగలేదు, దండలు అడగలేదు. కానీ తన నోట్లోంచి వచ్చిన మాట తన ఎదుటే ఇంకొకరు నములుతుంటే, అందులోకి నంజుకోడానికి కూడా తనే వడ్డించాలా?

ఒక్కసారి అడిగింది. "ఏవండీ, ఫ్రాన్సుకి నేను వెళ్తే?"

ఆయన నవ్వాడు. తిట్టినా బాగుండేది. "నువ్వెళ్తే అమ్మకి మందులెవరిస్తారు? అయినా అక్కడ స్టేజీ మీద మాట్లాడాలి సువర్ణా. వంటలు చెప్పడం కాదు."

దానమ్మగారు అందుకున్నారు. "దేశంకాని దేశంలో ఆడదానికేం పనే? వాడికంటే పనుంది."

ఆయన స్టేజీ మీద మాట్లాడబోయే ఇంగ్లీషులో తప్పులు దిద్దింది బి.ఏ. చదివిన సువర్ణే, చొక్కా ఇస్త్రీ చేస్తూ. ఆ రోజు నుంచీ ఆవిడ మనసు ఒక బొమ్మ దగ్గర తిరుగుతోంది. ఫ్రాన్సువాళ్ళు పంపిన పుస్తకంలో ఫోటో. బల్ల మీద పటం పరుచుకుని చుట్టూ మగవాళ్ళు, వేళ్ళు చూపించి మాట్లాడుకుంటున్నారు. వెనకాల, ఫోటో అంచుకి సగం తల తెగిపోయి, కాఫీ కూజా పట్టుకుని ఒకావిడ. ఫోటో కింద అందరి పేర్లూ ఉన్నాయి, కూజా పేరు తప్ప. ఫ్రాన్సులోనూ కాఫీ తనంతట తాను నడిచి రాదన్నమాట. ఆ ఆవిడతో మాట్లాడాలనుంది సువర్ణకి. దాని కోసమైనా వెళ్ళాలనుంది. ఎంత వెళ్ళాలనుందో తలుచుకుంటే తనకే కోపమొచ్చేది.

లంకలో పడవ దిగిన ఫ్రాన్సు ఆవిడ, మార్తిన్, యాభై దాటిన మనిషి. బడి వరండాలో దేవరాజు వేయించిన కుర్చీ వైపు చూసి, చెప్పులు విప్పి, అచ్చాయమ్మ పక్కన చాప మీద చతికిలబడింది. అచ్చాయమ్మ ఎండుచేపల జట్టుకి పెద్ద, లంక మొత్తానికి నోరు. జరిగి చోటిచ్చి, "మోకాళ్ళు నెప్పెడతాయేమో, గోడకి ఆనుకోండమ్మా," అంది. భాష అక్కర్లేకుండానే అర్థమైంది ఆవిడకి.

దేవరాజు నిలబడి ఇంగ్లీషులో మొదలెట్టాడు. "మా పద్ధతి ఒకటుందండీ. మొదట్లో ముందొచ్చిన ఆడవాళ్ళే అన్నీ తేల్చేసుకునేవాళ్ళు. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే కూలివాళ్ళకి మాట దక్కేది కాదు. అందుకని నేనో నియమం పెట్టాను. చివరి ఆడమనిషి వచ్చి కూచునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు." చూపుడువేలు ఆడించి, ఆ వేలితోనే నేల చూపించాడు.

వెనక పొయ్యి దగ్గర టీ వడగడుతున్న సువర్ణ పిడికిట్లో వడపోత గుడ్డ నలిగింది. ఆ నియమం అచ్చాయమ్మది. మంచినీళ్ళ పడవ ఎక్కడ ఆపాలన్న మొదటి గొడవలో, ఎండుచేపల గంప దించకుండానే గుమ్మంలో నుంచుని పెట్టింది. ఆ రోజు రాత్రి వంకాయ కూర వడ్డిస్తూ చెప్పిన సంగతి.

"అద్భుతం," అంది మార్తిన్. "వాళ్ళ మాటల్లోనే వినాలనుంది."

దేవరాజు తెలుగులోకి తిరిగాడు. "చెప్పండమ్మా. నీళ్ళ పడవ సంగతి చెప్పండి."

జట్టులో అందరికంటే చిన్నదైన తులసి చంటివాడికి పాలిస్తూ పైట సర్దుకుంది. అచ్చాయమ్మ గోళ్ళు చూసుకుంది. సువర్ణ ట్రేతో వచ్చి ఒక్కొక్కరి ముందూ కప్పు పెడుతోంది. ఏలూరు నుంచి సంచిలో మోసుకొచ్చినవి, అన్నీ ఒకే రకంవి.

"సిగ్గు పడుతున్నారండీ," అన్నాడు దేవరాజు మార్తిన్‌తో. మళ్ళీ వీళ్ళతో, "ఏంటమ్మా ఇది? రోజూ గొంతులు చించుకుంటారుగా?"

"చెబుతామండీ సారూ," అంది అచ్చాయమ్మ మెత్తగా. "ఇంకా ఒకరు కూచోలేదు కదండీ. తమరే అంటిరి ఇప్పుడు. మాకు ఇంగ్లీషు రాకపోయినా, చివర్లో చూపుడువేలు ఆడించి నేల చూపించారు చూడండి, అది మా నియమమేనని తెలిసిందిలెండి."

నవ్వులు లేచాయి. దేవరాజు గుమ్మం వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు. "ఎవరు రావాలింకా?"

అందరి కళ్ళూ ట్రే మీదున్నాయి. ఆయన కళ్ళు అక్కడికి చేరడానికి చాలాసేపు పట్టింది.

"ఆవిడా? ఆవిడ మా ఆవిడండీ! మీటింగుకి కాదు, టీ ఇవ్వడానికొచ్చింది."

ఇంట్లో వెయ్యిసార్లు విన్న గొంతే. కానీ ఇక్కడ, ఈ చాప మీద, ఈ ఆడవాళ్ళ మధ్య, ఆ మాట ఒంటరిగా నిలబడిపోయింది. దానికి వంతపాడేవాళ్ళు ఒక్కరూ లేరు. సువర్ణ చెవులు వేడెక్కాయి. సిగ్గు కాదు అది. ఏళ్ళ తరబడి ఆ కోపాన్ని సన్నసెగ మీద పెట్టి తనే మూత నొక్కి పట్టుకుంది. ఇవాళ చెయ్యి తీసేసింది.

తులసి చంటివాణ్ణి ఎత్తుకుని పక్కకి జరిగింది. చాప మీద ఒక మనిషి పట్టేంత చోటు.

"ఏవండీ, ఇది కాస్త పట్టుకోండి," అంది సువర్ణ. మాట మెత్తగానే ఉంది. ఆయన అలవాటుగా చేతులు చాపాడు, ఏం పుచ్చుకుంటున్నాడో చూసుకోకుండా. ట్రే చేతికొచ్చాక చూసుకున్నాడు. "ఇంకా నలుగురికి ఇవ్వాలి. అత్తయ్యగారి మందుల్లాంటిదేనండీ, ఎవరిచ్చినా పనిచేస్తుంది."

ఆవిడ కూచుంది.

అచ్చాయమ్మ గొంతు సవరించుకుంది. "ఆ, ఇప్పుడు మొదలెట్టండి అమ్మాయిగారూ. ముందు మీ మాట."

సువర్ణ మార్తిన్ వైపు తిరిగి, తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది. "మీ ఊళ్ళకి నేనొస్తానండీ. మీ పుస్తకంలో కాఫీ కూజా పట్టుకున్నావిడ ఒకరున్నారు. ముందు ఆవిడ పేరు చెప్పండి."

మార్తిన్ ముఖంలో నవ్వు ఆగింది. తెలియదంది.

"అయితే అక్కడ చాలా పనుంది," అంది సువర్ణ. అదే మాట తెలుగులో అందరికీ చెప్పింది.

దేవరాజు ట్రే పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. మీటింగు మొదలైంది.