పదకొండో వేలిముద్ర

ఏడో కుండ మీది మూకుడు తీసి పక్కన పెట్టి, జగ్గయ్య డబ్బా వంచాడు. నీళ్ళు గుడగుడమని కుండలోకి దిగుతుంటే మోకాలి మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. ఈ మధ్య నడుమెత్తడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాల్సి వస్తోంది. ఎదురుగా బొంబాయి రోడ్డు మీద లారీలు పోతున్నాయి. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు గానీ, ఎర్రనేల నిన్నటి వేడిని అప్పుడే మళ్ళీ కక్కుతోంది.

చెట్టు మొదట్లో మెడదాకా పూడ్చిన మట్టికుండ అది. పైన పోసిన నీళ్ళను ఎండ తాగేస్తుంది. కుండలో పోసినవి మెల్లగా ఊరి వేళ్ళకు అందుతాయి. ఝరాసంగంలో మేనమామ తోటలో చిన్నప్పుడు చూసిన ఉపాయం. బసవనగర్ ఖాళీ జాగాలో ఏడు కానుగ చెట్లు అలాగే బతికాయి. ఆరు ఇంటెత్తు ఎదిగి నీడనిస్తున్నాయి. చివరిది మాత్రం రెండేళ్ళ పసిది. అంతకుముందు అక్కడున్న మొక్కను మేకలు మొదలంటా మేసిపోతే జగ్గయ్య రెండు రోజులు మేకల్ని తిట్టి, మూడో రోజు ఇంకోటి తెచ్చి పెట్టాడు.

నిజానికి నాటింది నలభై. ఎనిమిదేళ్ళ కింద వనమహోత్సవం నాడు సంఘం పెద్దలు దండలతో, ఫోటోగ్రాఫర్‌తో వచ్చి నాటారు. మరునాటి నుంచి ఒక్కరు ఇటు తొంగిచూస్తే ఒట్టు. బసవనగర్ సంక్షేమ సంఘం మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. ఏటా మళ్ళీ వనమహోత్సవం వచ్చేది, మళ్ళీ మొక్కలు వచ్చేవి, పాత గుంతల్లోనే కొత్తవి నాటి ఫోటో దిగేవారు. ఆ గుంతలు తవ్వింది జగ్గయ్యే. ఎండిన పుల్లలు ఏరేసిందీ జగ్గయ్యే.

ఖాళీ డబ్బాలు కావడికి తగిలించుకుని భాగీరథమ్మ ఇంటి ముందుకు వచ్చాడు. భర్త పోయిన మనిషి, ఒంటరి కాపురం. బియ్యం కడిగిన నీళ్ళూ గిన్నెలు తొలిచిన నీళ్ళూ పారబోయకుండా అతని కోసం బకెట్లో పట్టిపెడుతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వాడలో ఇది చిన్న సాయం కాదు.

"జర కూసోని పో జగ్గయ్యా, గట్ల రొప్పుతున్నవేంది?" అంది ఆమె.

"కూసుంటే లెవ్వబుద్ధి గాదమ్మా. ఇయ్యాల మీటింగున్నది, ఇల్లిల్లు తిర్గి చెప్పాలె."

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. నలభై దాటేదాకా మొగుడంపల్లి వైపు ఎర్రరాయి కొట్టాడు. ఆ పని అతని కుడి భుజాన్ని ఎడమదాని కంటే రెండంగుళాలు కిందికి దించింది, ఛాతీలో దుమ్ము నింపింది, బొటనవేళ్ళ మీది గీతల్ని అరగదీసింది. రాయి కొట్టే చేవ తగ్గాక సంఘానికి నౌకరు అయ్యాడు. రేకుల గది ఊడ్వడం, జంపఖానా పరవడం, టీ కాచడం, మీటింగు కబురు చెప్పడం అతని పనులు. ఉన్న ఒక్క బిడ్డ రాయికోడ్‌లో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో తనూ, భార్య ఎంకమ్మా.

ఇవి కాక ఇంకో పని కూడా ఉంది. అది నౌకరీలో చెప్పనిది.

సంఘం పెట్టిన రోజున కాగితం మీద పదకొండు మంది సభ్యులు కావాల్సి వచ్చారు. పదిమంది దొరికారు. పదకొండో ఆయన బీదర్‌లో పెళ్ళికి పోయాడు. అధ్యక్షుడు చెన్నబసప్ప ఆలుగడ్డల వ్యాపారి, తూకం తక్కువైతే చేతికందిన గడ్డ వేసి సరిచేసే అలవాటున్నవాడు. మురికికాలువకు రాళ్ళు మోస్తున్న జగ్గయ్యను పిలిచి, "నువ్వు గూడ బసవనగర్లనే ఉంటవు గదా, పెట్టు ఏలు" అన్నాడు. పెట్టాడు. సంఘం నిబంధన ప్రకారం ఏ తీర్మానానికైనా పదకొండు మంది ఉండాలి. వాడలో నలభై ఇళ్ళున్నా మీటింగుకు వచ్చేది ఆ పదిమందే. అట్లా ఆనాటి నుంచీ రిజిస్టరులో పది సంతకాల కింద పదకొండో గీత మీద జగ్గయ్య వేలిముద్ర పడుతూ వచ్చింది.

ఆ ముద్రా కుదురుగా పడేది కాదు. కార్యదర్శి మదన్‌మోహన్ సార్ ప్రతిసారీ విసుక్కునేవాడు.

"గిదేం ముద్రయ్యా, బెల్లం మరక లెక్కున్నది."

తీర్మానాల్లో ఏముందో జగ్గయ్య అడగలేదు. అడగాలని తట్టలేదు. లోపల సార్ చదివేటప్పుడు అతను బయట టీ కాచుతుండేవాడు. ఒక్కసారి మాత్రం ఆ ముద్ర తిరిగివచ్చి అతని ఇంట్లోనే పడింది. ఇటుక బట్టీ పొగతో పిల్లలకు దగ్గు వస్తోందని సంఘం అర్జీ పెట్టింది, ఊరేగింపు తీసింది, బట్టీ మూయించింది. పిల్లల దగ్గు అబద్ధమేం కాదు. కానీ చలికాలం నాలుగు నెలలు ఆ బట్టీలో ఇటుకలు మోసి తెచ్చే కూలితోనే ఎంకమ్మ ఇల్లు గడిపేది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది. అర్జీ మీద మొగుడి వేలిముద్ర ఉందని బట్టీ గుమాస్తా చెబితే ఆమె ఇంటికొచ్చి ఒకే మాట అడిగింది.

"నీ ఏలుతోనే నా కూడు గుంజుకున్నవా?"

అప్పటినుంచి వేలు పెట్టేముందు ఒక్కసారి చదివించుకోవాలని అనుకునేవాడు. తీరా సార్ ఇంకుప్యాడు ముందుకు జరిపేసరికి నోరు పెగిలేది కాదు. నోట్లో నాలుక లేనివాడని పేరు పడ్డాక నాలుక బయటపెట్టడం అంత తేలికేం కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా ముప్పై తొమ్మిది గడపలు తిరిగి నాలుగింటికి మీటింగని చెప్పాడు. "వస్తం, వస్తం" అన్నారు అందరూ. ఒకాయన మంచంలోంచి చెయ్యి మాత్రం ఎత్తాడు. జగ్గయ్య ఇంటికి పోయి జొన్నరొట్టె సగం తిని, మిగతాది మూతపెట్టాడు. ఛాతీలో ఏదో బండ ఆనించినట్టుంది. ఎంకమ్మ చూస్తే గొడవ చేస్తుందని లేచి వచ్చేశాడు.

నాలుగున్నరకు పదిమంది వచ్చారు. ఆ పదిమందే. జగ్గయ్య స్టవ్ వెలిగించి పాలు పెడితే ఎండకు విరిగిపోయాయి. టీ లేదు కాబట్టి బయట పనీ లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి జంపఖానా అంచున గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక ఎంత అలసిపోయాడో తెలిసింది.

మదన్‌మోహన్ సార్ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. జూన్ ఐదున ప్రపంచ పర్యావరణ దినం. హైదరాబాదు నుంచి పెద్దలు వస్తారు. కాలనీ జాగాలో సిమెంటు వేదిక కట్టాలి. వేదికకు అడ్డుగా ఉన్న మూడు వృక్షములను తొలగించుటకు ఈ సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.

అందరూ తలలూపారు. రిజిస్టరు చేతులు మారింది. పది సంతకాలూ పడ్డాయి. ఇంకుప్యాడు జగ్గయ్య ముందుకు వచ్చింది. అలవాటుగా బొటనవేలు అద్దుకున్నాడు. అద్దుకున్నాక ఆగాడు.

"తొలగించుడంటే ఏంది సార్?"

ఆ గొంతు ఎవరిదా అన్నట్టు అందరూ చూశారు.

"కొట్టేసుడయ్యా. గా చివరి మూడు కానుగలు."

జగ్గయ్య కిటికీలోంచి చూశాడు. చివరి మూడింటిలో పసిది కూడా ఉంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను పెట్ట సార్."

"పెట్టకుంటే ఎట్ల? పదిమందిమే ఉన్నం. నీతోనే పదకొండు."

"ఎరుకనే సార్. గందుకే పెడ్తలేను."

చెన్నబసప్ప నవ్వాడు. మంచివాడే ఆయన, పండగకు జగ్గయ్యకు ధోతీ పెట్టే మనిషి. "అరే, మూడు చెట్లకు ఏమాయెరా? మూడు కొడితే గాడ ముప్పై పెడ్తం. గందుకే గదా గీ సభ."

"పెడ్తరు సావ్కారి. నీళ్ళెవలు పోస్తరు?"

చెన్నబసప్ప ముఖంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"పెట్టకపోతే రేపటి సంది నీకు సంఘంల పని లేదు. జర సోంచాయించుకో."

జగ్గయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఎంకమ్మ, ఇంటి కిరాయి, దవాఖాన మందులు, అన్నీ వరసగా వచ్చి ముందు నిలబడ్డాయి. తర్వాత నలభై గుంతలు గుర్తుకొచ్చాయి. భయం వేసింది, అయినా మాట మారలేదు.

"సరే సావ్కారి" అని లేచాడు.

ఇంకు అంటిన వేలు జంపఖానాకు తగలకుండా దూరంగా పట్టుకుని నడుచుకుంటూ బయటికి వచ్చాడు. నేరుగా ఏడో చెట్టు దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు. పొద్దున పోసిన నీళ్ళు ఎంత దిగాయో చూద్దామని మూకుడు ఎత్తాడు. సగానికి పైగా దిగాయి. మంచిదే, వేరు తాగుతోంది. కాసేపు ఆ చల్లటి మూకుడు చేతిలోనే ఉంచుకుని, మళ్ళీ కుండ మీద బోర్లించి పెట్టాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయేదాకా అక్కడే ఉండి, తర్వాత గదిలోకి పోయి జంపఖానా దులిపి మడతపెట్టి, తాళంచెవి కార్యదర్శి ఇంట్లో ఇచ్చి ఇల్లు చేరాడు.

"ఏలు పెట్టకుంటనే వచ్చిన" అన్నాడు ఎంకమ్మతో.

విషయమంతా విని ఆమె పొయ్యి ముందు నుంచి అతని చేతికేసి చూసింది. "మరి గీ నీలిరంగేంది?"

"అద్దుకున్నంక మనసు మారింది."

ఎంకమ్మ తిట్టలేదు. మూతపెట్టిన రొట్టె వేడిచేసి, ఉల్లిగడ్డ పగలగొట్టి పక్కన పెట్టింది. "పోనీ తియ్యి. రెండు రెక్కలు నాకు గూడ ఉన్నయి" అంది. ఆ మాట విన్నాక అతనికి ఎన్నడూ లేనంత నిద్ర ముంచుకొచ్చింది. జర పండుకుంటనని గోడవైపు తిరిగాడు.

తెల్లారి ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవాల్సిన పని లేదని, భుజం మీద చెయ్యి వేయగానే తెలిసిపోయింది.

మూడో రోజు సాయంత్రం సంఘం సంతాప సభ పెట్టింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు లేడు. ఆ నోటా ఈ నోటా విని పదిమంది వచ్చారు. జంపఖానా ఎక్కడుందో ఎవరికీ తెలియక కాసేపు వెతుక్కున్నారు. మదన్‌మోహన్ సార్ సంతాప తీర్మానం చదివాడు. పది సంతకాలూ పడ్డాయి. సార్ చెయ్యి అలవాటుగా ఇంకుప్యాడు మూత తెరిచి ముందుకు జరిపింది. జరిపాక ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కోరం లేదు సావ్కారి" అన్నాడు మెల్లగా.

"చావుకు గూడ కోరమేందయ్యా?"

"రూలు రాసుకున్నది మనమే గదా."

చెన్నబసప్ప పదకొండో గీత వైపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. "వాయిదా అని రాయి."

"మరి వేదిక సంగతి?"

"గది గూడ. ఐదో తారీఖునాడు కుర్చీలు చెట్లకింద ఎయ్యుండ్రి. నీడుంటది."

అదే సమయానికి భాగీరథమ్మ మూడు రోజుల నీళ్ళ బకెట్ చేత్తో మోసుకుంటూ, నాలుగడుగులకోసారి దించుకుంటూ, ఏడో చెట్టు దగ్గరికి వచ్చింది. ఇంత దూరం ఆమె ఎన్నడూ వచ్చింది లేదు. కుండ ఎక్కడుందో ఆకులు జరిపి వెతికింది. దొరికాక, నీళ్ళు పోయడానికి వంగి, మూకుడు తీయబోయి ఆగింది.

ఎర్రమట్టి మూకుడు మీద నీలంగా ఒక బొటనవేలి ముద్ర, ఈసారి ఎక్కడా అలుక్కుపోకుండా.