చక్రపాణి గారి అద్దాల ఆఫీసు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు నడిపే చక్రపాణి గారు ఎల్‌బీ నగర్‌లో హెడ్డాఫీసు కట్టాలనుకున్నారు. ఆర్కిటెక్ట్ సింధూర స్థలం చూసి, ఎండ ఎటు పడుతుందో, గాలి ఎటు వీస్తుందో కనిపెట్టి ప్లాను గీసింది. పడమటి గాలికి కిటికీలు పెట్టి, వాటి మీద ఎండ పడకుండా లోతైన సజ్జలు వేసింది.

చక్రపాణి గారు ప్లానును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇన్ని కిటికీలేంటమ్మా, ఆస్పత్రి వార్డులాగా? ముందంతా అద్దమే ఉండాలి. దుబాయిలో చూశాను, ఎంత దర్జాగా ఉందో!"

"అది పడమర సార్. పొద్దుగూకేదాక ఎండ కొడ్తది. గాలి కూడ గటు నుంచే ఒస్తది. అద్దం పెడ్తే గాలి ఆగుతది, ఎండ లోపలికొస్తది."

"గాలికేం కరువమ్మా, ఏసీలున్నాయిగా!"

సింధూర సరేనని ప్లాను చుట్టేసింది. ఆమె చేతిలో అప్పుడు వేరే పని లేదు. తెరవడానికి ఒక్క రెక్కయినా లేకుండా ముందుభాగమంతా అద్దం బిగించారు. ఆహ్వానపత్రిక మీద 'ప్రకృతి ఒడిలో పర్యావరణహిత భవనం' అని అచ్చు వేయించారు. ప్రకృతి అంటే గుమ్మం పక్కన పెట్టిన ప్లాస్టిక్ వెదురు మొక్కలు.

మే నెల సాయంత్రం ప్రారంభోత్సవం. చక్రపాణి గారు పట్టుపంచెతో మైకు అందుకున్నారో లేదో కరెంటు పోయింది. జనరేటరు లైట్లనూ మైకునూ లాగగలిగింది గానీ ఏసీల దగ్గర చేతులెత్తేసింది. మైకు ఉంది కనుక ప్రసంగం ఆగలేదు. ఎర్రటి ఎండ అద్దంలోంచి నేరుగా అతిథుల ముఖాల మీద పడుతోంది. అందరూ ఆహ్వానపత్రికలతో విసురుకుంటున్నారు.

"ప్రకృతితో మమేకమై..." అంటున్నారాయన.

ముందువరుసలో ఆయన భార్య అమ్మాజీ గారు చెమటలు తుడుచుకుని, "ఏవండీ, ఆ ప్రకృతిని కాస్త లోపలికి రానివ్వండి!" అని అరిచారు.

జనం లేచి కింద కార్లు పెట్టే సెల్లారులోకి దిగారు. అక్కడ గోడలు లేవు కాబట్టి గాలి ఉంది. భోజనాలూ అక్కడే అయ్యాయి. విందుకొచ్చిన వేరే బిల్డర్ జంగయ్య చెయ్యి కడుక్కుంటూ, "గీ కొలిమిని గీసింది నువ్వేనా బిడ్డా?" అని సింధూరను అడిగాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"నేను గీసింది వేరే. నోరు మూసుకుని ఊకున్నది మాత్రం నేనే," అంది.

వారం తిరక్కుండా చక్రపాణి గారే ఫోను చేసి కిటికీలు పెట్టించమన్నారు. సింధూర అద్దాలు కోయించి, కిటికీలు బిగించి, వాటి మీద సజ్జలు వేయించింది. వానలు మొదలయ్యాక ఉద్యోగులు ఏసీ ఊసే మరిచిపోయారు. సింధూరకు ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత కోచింగ్ పిల్లలకు ర్యాంకులొచ్చాయి. కిటికీలన్నిటినీ కప్పేస్తూ చక్రపాణి గారి నవ్వుముఖంతో పెద్ద ఫ్లెక్సీ వేలాడింది. ఆయనే మళ్ళీ ఫోను చేశారు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా, పడమటి గాలి భలే కొడుతోంది. ఫ్లెక్సీ చిరిగిపోతోంది. ఆ గాలి తగ్గే మార్గమేదైనా చూడు."

సింధూర ఫోను పెట్టేసి ఆయన నంబరు బ్లాక్ చేసింది.