ఎడమవైపు ముడి

"ఏయ్ కెస్సీ, ఈ రబ్బిష్ అంతా తీసి పారెయ్, మాన్! వీధిలోవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

దండెం మీద కడిగి ఆరేసిన రొట్టె కవర్లను చూసినప్పుడల్లా అప్పల్సామి పెళ్లాంతో అనే మాట ఇదే. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకు మిల్లు బారెక్స్‌లో, కూలీల వరస కొట్లలో, పెరిగిన కెస్సీకి అది వాళ్లమ్మ బంగారమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఏదీ పారేయడానికి చెయ్యి రాదు. "ఓటేసాం, కాలం మారింది. నువ్వు మాత్రం ఇంకా బారెక్స్‌లోనే ఉన్నావు" అంటాడాయన. ఔను, వేశారు. పోయినేడు, దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లతోపాటు అందరికీ మొదటిసారి ఓటు వచ్చినప్పుడు, నార్త్‌డేల్ స్కూలు ముందు ఇద్దరూ ఒకే లైనులో ఏడు గంటలు నిలబడ్డారు. ఇంటికొచ్చాక ఆయన కాళ్లు చాపుకుని కూచున్నాడు, ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఏం మారిందో, ఎవరికి మారిందో!

తొమ్మిదేళ్లుగా కెస్సీ గిఫ్టు సెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తోంది. మూడు సబ్బులు, ఒక చిన్న సీసా సెంటు. సరుకు అంతే. దానికో ప్లాస్టిక్ ట్రే, ట్రే కింద గుప్పెళ్లకొద్దీ రంగుకాగితం చీలికలు, పైన గలగలలాడే ప్లాస్టిక్ కాగితం, ఆపైన అట్టపెట్టె, పెట్టెకో రిబ్బను. "బాగా నింపు కెస్సీ, పెట్టె పెద్దగా కనబడాలి" అంటుంది సూపర్‌వైజరు లొరెయిన్. సబ్బు నెల్లాళ్లలో అరిగిపోతుంది, ఈ చెత్త మాత్రం మనవల కాలం దాకా పడుంటుంది కదా అనుకుంటుంది కెస్సీ. రిబ్బన్లు లాగీ లాగీ ఆమె కుడి బొటనవేలు వంగడం మానేసింది. అందుకే ముడిని ఎడమవైపు నుంచి మెలిపెట్టి లోపలికి దోపుతుంది. ఫ్యాక్టరీ మొత్తంలో ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు.

అప్పల్సామికి తెలిసిందల్లా ఆమె పొద్దున ఆరున్నరకు బస్సెక్కుతుందని, సాయంత్రం అయిదున్నరకు దిగుతుందని. దిగి ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన అడిగేది ఒక్కటే, "ఏం కూర?" రోజంతా అక్కడ ఏం చేస్తావ్ అని ఒక్కసారి అడిగితే చాలనుకునేది కెస్సీ. బొటనవేలు చూపించి జాలి పుట్టించాలని కాదు. కాదేమిటి, అందుకే. అబద్ధం దేనికి!

పాతికేళ్ల పెళ్లిరోజు ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాక అప్పల్సామి పూలకాగితం చుట్టిన పెద్ద పెట్టె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "చూడు మా, డాడీ ఎంత పెద్ద ప్రెజెంటు తెచ్చాడో!" అని కూతురు కెరూషా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్లలో ఆయన చేత్తో ఇచ్చిన మొదటి వస్తువు. కెస్సీ గుండె కొత్త పెళ్లికూతురి గుండెలా కొట్టుకుంది. పూలకాగితం చింపింది.

లోపల ఎడమవైపు ముడి.

విప్పింది. అందరూ చూస్తుంటే ఏం చేస్తుంది మరి! రిబ్బను, అట్ట, ప్లాస్టిక్, ట్రే, చీలికలు. కుర్చీ చుట్టూ మోకాలెత్తున చెత్త పేరుకుంది. చివరికి మూడు సబ్బులు, ఒక సీసా.

"బాగుందా? టౌనులో పెద్ద షాపు నుంచి తెచ్చాను."

"బాగుంది" అంది. ఆయన మోసం చెయ్యలేదు, ఎగతాళి చెయ్యలేదు. తెలియదు, అంతే. ఎగతాళి చేసినా ఇంత ఏడుపు వచ్చేది కాదు.

"సరే, ఈ రబ్బిష్ ఎత్తెయ్."

ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. చీలికలు, ట్రే, సబ్బులు, సీసా, ప్లాస్టిక్, అట్ట, రిబ్బను. నిమిషంలో పెట్టె ఎవరూ ముట్టుకోనట్టు తయారైంది.

అప్పల్సామి కళ్లు పెద్దవి చేశాడు. "అబ్బో! అచ్చం షాపోళ్లు కట్టినట్టే కట్టావే! ఎక్కడ నేర్చుకున్నావ్?"

తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ప్రశ్న. వచ్చింది. కెస్సీ లోపలంతా వెతుక్కుంది గానీ, జవాబు చెప్పాలన్న ఆశ ఎక్కడా మిగల్లేదు.

పెట్టెను ఆయన ఒళ్లో పెట్టింది.

"పాతికేళ్లయింది కదా, నువ్వే కనుక్కో" అంది. కింద పడున్న పూలకాగితాన్ని ఎత్తకుండా దాటుకుని, అమ్మలాగే ఆరిన రొట్టె కవర్లు తీసుకోవడానికి దండెం దగ్గరికి నడిచింది.